‘గంటసేపే కదా’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఉగాండాలోని కిబాలే అడవి గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫోటోలు చాలా బాగున్నాయి. బిడ్డను వీపున వేసుకుని పోతున్న చింపాంజీ తల్లి ఫోటోను కత్తిరించి దాచుకున్నాను. 2025 జనవరిలో నేనూ ఆ అడవిలో నడిచాను, అందుకని. వ్యాసంలో వీసా సంగతి ఉంది, విమానం సంగతి ఉంది, ఏ బూట్లు వేసుకోవాలో కూడా ఉంది. జలుబో దగ్గో ఉన్నవాళ్లు ఆ అడవిలో అడుగు పెట్టకూడదన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. ఆ పేజీ అడుగునే ఒక యాత్రల నిర్వాహకుల ప్రకటన వేశారు: ‘చింపాంజీలతో ఒక గంట! సెల్ఫీ గ్యారంటీ!’ అది చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. వీలైతే కోయకుండా వేయండి.

నాది నాయుడుపేట దగ్గర పల్లె. నర్సు ఉద్యోగం దొరికి మద్రాసు వచ్చి ముప్పై నాలుగేళ్లయింది. పెరంబూరులో కాపురం. సర్వీసులో పంతొమ్మిదేళ్లు క్షయ వార్డులోనే గడిచింది. దగ్గు వింటే అది పొడి దగ్గో, కఫం దగ్గో, ఎన్నాళ్లుగా ఉన్నదో దాదాపు చెప్పగలను. రోగి గదిలో ఏ కిటికీ తెరవాలి, ఎటు పక్క నిలబడి మాట్లాడాలి అన్నది నాకు వంటింట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలిసినట్టే తెలుసు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ అడవి గేటు దగ్గర నేను విన్న దగ్గును పక్కన పెట్టేయడం నాకు చేతకాలేదు.

మా అబ్బాయి ఉగాండా రాజధాని కంపాలాలో మందుల కంపెనీలో లెక్కలు చూస్తాడు. ‘ఉద్యోగం అయిపోయింది కదమ్మా, ఇకనైనా రా’ అని రెండేళ్లు పోరాడు. బయల్దేరే ముందర గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి పోయి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను. అరవై దాటినదాన్ని కాబట్టి డాక్టరు అన్నీ అడిగి, నిదానంగా ఆలోచించాకే వేయమన్నారు. పెద్దవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, చివరి వారంలో పరిగెత్తితే కుదరదు. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకుంటే తప్ప పత్రం చెల్లదు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలని 2016 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.

టీకా వేసినట్టు రాసిచ్చే ఆ పసుపుపచ్చ పుస్తకం లేకుండా ఉగాండా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజులు విడిగా పెడతారు. మన దేశంలో ఆ జ్వరం లేదు. దాన్ని మోసే దోమ మాత్రం ఇంటింటా ఉంది, డెంగీ తెచ్చే ఏడిస్ దోమే అది. ఒక్క మనిషి ఒంట్లో ఆ వైరస్ వచ్చి దిగితే ఏమవుతుందోనని మన సర్కారు భయం. న్యాయమైన భయం. ఆ ఆరు రోజుల నియమాన్ని ఎవరూ తప్పు పట్టరు. మన వైపు నుంచి వాళ్ల అడవికి పోయే జలుబు విషయంలో మాత్రం ఇంత పట్టింపు ఉండదు.

కంపాలా నుంచి ఫోర్ట్ పోర్టల్ అనే ఊరికి దాదాపు 300 కిలోమీటర్లు. మధ్యలో ఒకచోట ఆగితే రోడ్డు పక్కన చపాతీలో కోడిగుడ్డట్టు చుట్టి ఇచ్చారు. దాన్ని అక్కడ రోలెక్స్ అంటారు. చపాతీ ఆ దేశానికి మనవాళ్లతో పోయినదే. ఫోర్ట్ పోర్టల్ దాటాక అంతా టీ తోటలు. ఆ తోటలు ఆగిన చోట చీకటిగా గోడ కట్టినట్టు అడవి మొదలవుతుంది. అదే కిబాలే. 1932లో రిజర్వు అడవిగా, 1993లో జాతీయవనంగా ప్రకటించారు. దాదాపు 795 చదరపు కిలోమీటర్లు. మన గిండీ జాతీయవనం మూడు చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు, పోల్చి చూసుకోండి. కోతిజాతి జంతువులే పదమూడు రకాలు అక్కడ. చింపాంజీలు ఓ పదిహేను వందల దాకా ఉంటాయని అంచనా.

అడవి నడక మొదలయ్యే కన్యాంచు అనే చోటికి పొద్దున ఏడున్నరకల్లా చేరాం. చింపాంజీలను చూడడానికి విదేశీయులకు అప్పుడు అనుమతి పత్రం 250 డాలర్లు. మా అబ్బాయి నెలరోజుల ముందే కొన్నాడు. ఆరుగురికి ఒక గైడు. మా గైడు ముప్పై ఏళ్లలోపు అమ్మాయి, భుజాన తుపాకీ. ఏనుగులు ఎదురొస్తే గాల్లోకి పేల్చడానికట. ఆ ప్రాంతం బటోరో వాళ్లది. వాళ్లలో ఒకరినొకరు ఉత్త పేరుతో పిలవరు. ఎంపాకో అని పన్నెండు ముద్దుపేర్లు ఉంటాయి, ప్రతి మనిషికీ అందులో ఒకటి ఇస్తారు, దానితోనే పలకరిస్తారు. ఆ అమ్మాయి నాకు ‘అమూటి’ అని పేరు పెట్టింది. పరాయి ఊళ్లో ఎవరో అక్కా అనో వదినా అనో పిలిచినట్టు ప్రాణం లేచొచ్చింది.

మా ఆరుగురిలో నేను, మా అబ్బాయి, ఒక విదేశీ జంట. మిగిలిన ఇద్దరూ తెలుగువాళ్లు, భార్యాభర్తలు, చెన్నై నుంచే వచ్చారు. వాళ్లతోపాటు నిర్వాహకుల తరఫు కుర్రాడు ఒకడు గేటు దాకా వచ్చాడు. వాళ్లెవరో, ఆ సంస్థ ఏదో రాయను. ఆ భర్తకు అరవై దాటుంటాయి. జేబురుమాలు మూతికి అడ్డం పెట్టుకుని అటు తిరిగి దగ్గుతున్నాడు. కఫం దగ్గు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గైడు అమ్మాయి నియమాలు చెప్పడం మొదలుపెట్టింది: మాస్కు తీయకూడదు, పది మీటర్ల దూరం, తినకూడదు, ఉమ్మకూడదు, ఎవరికైనా జలుబు గానీ దగ్గు గానీ జ్వరం గానీ ఉంటే ఇప్పుడే చెప్పండి. అప్పుడు ఆ కుర్రాడు ఆయన చెవి దగ్గరికి వంగి తెలుగులో అన్నాడు: “ఏం చెప్పొద్దు సార్. మాత్ర వేసుకున్నారు కదా. గంటసేపే కదా, ఎట్లాగో ఆపుకోండి.”

తెలుగులో అన్నాడు కాబట్టి అక్కడ ఇంకెవరికీ అర్థం కాలేదు. నాకూ మావాడికీ తప్ప.

ఆ ‘గంటసేపు’ ఏం చేయగలదో నాకు అప్పటికే తెలుసు. ఇదే కిబాలేలో కన్యావర అనే చోట పరిశోధకులు ఏళ్ల తరబడి గమనిస్తున్న చింపాంజీల గుంపు ఒకటి ఉంది. 2013లో ఆ గుంపులో 56 చింపాంజీలు. వాటికి దగ్గూ తుమ్ములూ పట్టుకున్నాయి. అంతకుముందు దాకా ఏ జబ్బూ లేని ఐదు చచ్చిపోయాయి. వాటిలో బెట్టీ అని పేరు పెట్టిన రెండేళ్ల పిల్ల ఒకటి. దాని శవం దొరికితే ఊపిరితిత్తులు పరీక్ష చేశారు. దొరికింది రైనోవైరస్ సి. మన చంటిపిల్లలకు ముక్కు కారించి, కొందరికి ఆయాసం తెప్పిస్తుందే, ఆ వైరస్. మన దగ్గర అది ఆవిరి పట్టి, మిరియాల పాలు తాగించి నాలుగు రోజుల్లో వదిలించుకునే జలుబు. ఆ వైరస్ అతుక్కునే చోటు మన కణాల మీద కొందరిలో దానికి అనువుగా ఉంటుంది, కొందరిలో ఉండదు. చింపాంజీల నమూనాలు చూస్తే అన్నిట్లోనూ దానికి అనువైన రకమే కనిపించిందట. తలుపు బార్లా తీసిపెట్టిన ఇల్లు అన్నమాట.

ఒక సంగతి నిజాయితీగా చెప్పాలి. కన్యావర గుంపు పర్యాటకులకు చూపించేది కాదు. ఆ వైరస్ ఎవరి ముక్కులోంచి పోయిందో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. మనిషి వైరస్ అన్నది మాత్రం తేలింది. యాత్రికులు పోని గుంపుకే అంత జరిగితే, రోజూ మనుషులు పోయి చూసే గుంపు మాటేమిటి? 2017లో అదే అడవిలో ఎన్గోగో అనే చోట ఊపిరితిత్తుల జబ్బు పాకి 25 చింపాంజీలు పోయాయి. ఆడ చింపాంజీ ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య ఐదారేళ్లు తీసుకుంటుంది. పాతిక పోతే మళ్లీ పాతిక కావడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోండి.

నేను ఆయన దగ్గరికి పోయాను. “అన్నా, తప్పుగా అనుకోవద్దు. నేను నర్సుని. మీ దగ్గు నాకు వినపడింది” అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. “మీరెవరమ్మా నాకు చెప్పడానికి? నా డబ్బు పెట్టుకుని నేనొచ్చాను” అన్నాడు. కుర్రాడు మధ్యలో దూరి, “మేడమ్, మా కస్టమర్‌తో మీకేం పని” అన్నాడు. నేను గొంతు పెంచలేదు. యాభై ఆరింట్లో ఐదు అన్న లెక్క చెప్పాను. రెండేళ్ల పిల్ల సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆయన భార్యే నోరు తెరిచింది. “రాత్రంతా దగ్గారు కదండీ. ఊరుకోండి. మన మనవరాలి దగ్గరికైతే పోతామా ఇట్లా?” అంది.

ఆయన రెండు నిమిషాలు నేల చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గైడు అమ్మాయి దగ్గరికి తనే పోయి, దగ్గుందని చెప్పి, షెడ్డు కింద బల్ల మీద కూర్చున్నాడు. కుర్రాడు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఐదుగురం అడవిలోకి పోయాం. భార్య వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచింది.

లోపల నడక గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ప్యాంటు అంచులు మేజోళ్లలో దోపుకోమన్నారు, చీమల బారులు కాళ్లకెక్కుతాయని. నిజంగానే అరచేయంత వెడల్పు నల్లటి బారు ఒకటి దారికి అడ్డంగా పారుతోంది. దాన్ని దాటేటప్పుడు అందరం పరుగు. రాత్రి కురిసిన వాన ఇంకా ఆకుల మీంచి దిగుతూనే ఉంది. నెత్తిన పడేవి చినుకులో కోతులు రాల్చిన తొక్కలో తెలియదు. నలభై నిమిషాలు ఏమీ కనపడలేదు. ఉన్నట్టుండి దూరంగా ‘హూ... హూ...’ అని మొదలై, ఒకదాని గొంతుకు ఇంకోటి తోడై, చివరికి అరుపులై పైకి లేచింది. వెంటనే ధన్ ధన్‌మని డప్పు మోత. ఆ చెట్ల వేర్లు మొదలు దగ్గర పలకల్లాగా నిటారుగా లేచి ఉంటాయి. చింపాంజీలు వాటిని కాళ్లతో చేతులతో బాదుతాయి. నేను ఇక్కడున్నానని అడవంతా చాటడం అది. ఆ మోత చెవికి కాదు, నేరుగా రొమ్ముకే తగిలినట్టుంది.

తర్వాత ఒక చెట్టు కింద ఆగాం. మానంతా గుత్తులు గుత్తులుగా కాయలు. చూడగానే నోట్లోంచి ‘మేడిచెట్టు’ అన్న మాట వచ్చేసింది. మన మేడికి దగ్గర చుట్టమే అది, కాయలు మానుకే అంటుకుని కాస్తాయి. పైన ఏడెనిమిది చింపాంజీలు తింటున్నాయి. కింద ఒక ముసలి మగది వెల్లకిలా పడుకుని, ఒక కాలు మొక్కకు ఆనించి, మధ్యాహ్నం భోంచేసి అరుగు మీద నడుం వాల్చిన పెద్దమనిషిలాగా ఉంది. ఇంకోటి దాని భుజం మీద వెంట్రుకలు పాయలు తీసి చూస్తోంది, మన ఇళ్లలో పేలు చూసినట్టే. పెదవులు కదుపుతూ, ఎంత శ్రద్ధగానో.

కాసేపటికి ఒక తల్లి కిందికి దిగింది. పొట్టకు కరుచుకుని పిల్ల, ఏడాదిన్నర ఉంటుందేమో. ఆ తల్లికి ఎడమచేయి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. పంజా లేదు. గాయం మానిన తీరు చూస్తే అర్థమైంది, కోసినట్టు తెగింది కాదు, బిగుసుకుని చచ్చిపోయి ఊడిన చేయి. ఉచ్చు. అడవిలో చిన్న జింకల కోసం, అడవిపందుల కోసం తీగ ఉచ్చులు పెడతారు, అందులో చింపాంజీల చేతులు పడతాయి. మా ఊరివైపు పందులకు సైకిల్ బ్రేకు తీగతో పెట్టేది ఇదే ఉచ్చు. కిబాలేలో ఆ ఉచ్చులు వెతికి తీసేయడానికే ప్రత్యేకంగా మనుషులున్నారు, 1990ల చివరి నుంచి ఆ పని చేస్తున్నారు. ఆ తల్లి మొండిచేత్తో కొమ్మను తన వైపు నొక్కిపట్టి, కుడిచేత్తో పండు తెంపి, ముందు నలిపి చూసి నోట్లో వేసుకుంది. పిల్ల చేయి చాచింది. నోట్లో సగం నమిలినది తీసి ఇచ్చింది. నేను కన్నీళ్లు తుడుచుకోబోయి, మాస్కు కదులుతుందని చేయి దించేసుకున్నాను.

పది మీటర్ల దూరం అంటే మా వార్డులో వరసగా నాలుగు మంచాలు. ఆ దూరం నుంచి దాని కనురెప్పలు కనపడుతున్నాయి. ఆ దూరంలో ఒక్క తుమ్ము తుమ్మి ఉంటే, ఆ పడ్డ ఆకును తర్వాత ఆ పిల్ల పట్టుకుని ఉంటే! అడవిలో చింపాంజీ పిల్లకు ఆక్సిజన్ పెట్టేవాళ్లుండరు. వార్డులో నేను చూసిన పిల్లలకు కనీసం నేనున్నాను.

గంట అయిందని గైడు అమ్మాయి చేయెత్తింది. వెనక్కి వచ్చేశాం.

షెడ్డు దగ్గర ఆయన అట్లాగే కూర్చున్నాడు. భార్య ఫోన్లో ఫోటోలు చూపించింది. చూశాడు. నాతో మాట్లాడలేదు. బండెక్కేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆయన మీద నాకు కోపం లేదని ఈ ఉత్తరం ద్వారా చెప్పాలనే రాస్తున్నాను. ఎన్నేళ్లు దాచుకున్న డబ్బో అది. ఆయన నిజం చెప్పి నష్టపోయాడు, చెప్పకపోతే ఏ నష్టమూ ఉండేది కాదు. తప్పు ఆ లెక్కలో ఉంది.

దారిలో ఆయన భార్య నాకు వాళ్ల యాత్ర షరతుల కాగితం చూపించింది. జబ్బు చేస్తే ఏమిటన్న మాటే అందులో లేదు. ‘యాత్రికుడు ఏ కారణం చేత పాల్గొనకపోయినా సొమ్ము వాపసు లేదు’ అన్న ఒక్క ముక్క ఉంది. ఇంకో సంగతి చూడండి. విమానం దిగిన మర్నాడే కిబాలేకి ప్రయాణం, ఆ మర్నాడు పొద్దున్నే చింపాంజీల దగ్గరికి. మామూలు జలుబు ఒంట్లో చేరాక బయటపడడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. విమానంలో పక్క సీటువాడి దగ్గర అంటుకున్నది సరిగ్గా అడవిలో నడిచే పొద్దుకు గొంతులో గీర మొదలుపెడుతుంది. ఐదు రోజుల యాత్రలో అనుమతి రోజును నాలుగో రోజుకు మారిస్తే, ఒక్క రోజు ఖాళీగా అట్టిపెడితే, ఇందులో సగం ఇబ్బంది తీరిపోతుంది. ఇది డాక్టర్లు చెప్పనక్కర్లేదు, ఏ నర్సయినా చెప్తుంది.

కొందరు అంటారు, ఇంత భయమైతే అసలు పోవడమే మానేయొచ్చు కదా అని. అది నేను ఒప్పుకోను. మర్నాడు బిగోడి అనే పల్లెలో చిత్తడినేల పక్కన మూడు గంటలు నడిచాం. తల మీద కుచ్చులు కట్టినట్టుండే పపైరస్ తుంగ, మనిషి ఎత్తుకు మించి. నెమలంత నిగనిగతో ఒక పెద్ద నీలిపిట్ట, దాన్ని టురాకో అంటారు, కొమ్మల మీద పిట్టలా ఎగరదు, ఉడతలా పరిగెత్తుతుంది. ఆ నడకను నడిపేది ఊరివాళ్లే. 1992లో సంఘం పెట్టుకున్నారు, వచ్చిన డబ్బుతో హైస్కూలు కట్టుకున్నారు. ఏనుగులు వచ్చి మొక్కజొన్న తొక్కేసి పోతాయని, అయినా అడవి ఉండాలని మా గైడు ముసలాయన అన్నాడు. జాతీయవనాల ప్రవేశ రుసుములో ఇరవై శాతం చుట్టుపక్కల ఊళ్లకు పోవాలని ఆ దేశంలో చట్టమే ఉంది. మనం పోకపోతే ఆ డబ్బు ఆగుతుంది. కాబట్టి పోవాలి. ఒళ్లు బాగున్నప్పుడు పోవాలి.

ఇదంతా ఎక్కడో ఆఫ్రికా గొడవ అనుకునే పాఠకులుంటే, 2021 గుర్తు తెచ్చుకోండి. మే మొదట్లో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు కోవిడ్ సోకిందని తేలింది. అవి కోలుకున్నాయి. ఆ తర్వాత నెల తిరక్కుండానే మన వండలూరు జూలో తొమ్మిది సింహాలకు పాజిటివ్ వచ్చింది. నీలా అనే తొమ్మిదేళ్ల ఆడసింహం జూన్ 3న చచ్చిపోయింది. ఇంకో రెండు వారాలకు ఒక మగసింహం కూడా పోయింది. ఆ రోజుల్లో నేను కోవిడ్ డ్యూటీలో ఉన్నాను. రాత్రి షిఫ్టులో ఒక ఆయా ఆ వార్త చదివి వినిపించి, ‘బోనులో ఉండేదానికి ఎట్లా వచ్చింది సిస్టర్’ అని అడిగింది. మనిషి రొంప మనిషి దగ్గరే ఆగుతుందని అప్పటిదాకా అనుకున్నవాళ్లం చాలామందిమి.

తిరుమల కొండదారిలో కారాపి కోతుల చేతికి సగం కొరికిన జామకాయ ఇచ్చేవాళ్లను చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ మొండిచేతి తల్లే గుర్తొస్తుంది. పోయిన నెల మా వీధిలోవాళ్లతో పోయినప్పుడు ఒకమ్మాయి ఎంగిలి చిప్సు పొట్లం చాచబోతే చేయి పట్టుకున్నాను. ఆ పిల్ల తల్లికి నచ్చలేదు. ఫరవాలేదు.

మిమ్మల్ని కోరేది కొంచెమే. అడవి యాత్రల గురించి ఏ వ్యాసం వేసినా, ఏ బూట్లు వేసుకోవాలో చెప్పే చోటే ఈ ముక్క కూడా వేయండి: ‘జలుబు, దగ్గు, జ్వరం, విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు లోపలికి పోకూడదు. ముందే చెప్పాలి.’ మీ పేపరుకు ప్రకటనలిచ్చే యాత్రా సంస్థలను ఒక్క ప్రశ్న అడిగి, వాళ్ల జవాబులు అచ్చు వేయండి: యాత్రికుడికి జబ్బు చేసి ఆగిపోతే మీరేం చేస్తారు? డబ్బు అంతా ఇవ్వలేకపోవచ్చు. కొంతైనా ఇస్తారా, తేదీ మారుస్తారా, బీమా కట్టిస్తారా? అది రాతలో ఉంటే గేటు దగ్గర ఎవరి చెవిలోనూ ఎవరూ గుసగుసలాడే పని ఉండదు. ‘సెల్ఫీ గ్యారంటీ’ లాంటి ప్రకటనలు మాత్రం దయచేసి తీసుకోవద్దు. పది మీటర్ల దూరం పెట్టిన చోట సెల్ఫీ ఎట్లా గ్యారంటీ ఇస్తారు, ఆ నియమం తప్పిస్తే తప్ప?

మా కోడలికి వచ్చే ఏప్రిల్‌లో కాన్పు. నేను మళ్లీ కంపాలా పోతున్నాను. మావాడు ఈసారి అనుమతి పత్రం నేను దిగిన పన్నెండో రోజుకు తీసుకుంటానన్నాడు, పక్క రోజు కూడా ఖాళీగా ఉంచుకున్నాడు. ఆ పొద్దున నాకు గొంతు గీర పెట్టిందంటే నేను షెడ్డు కింద ఆ బల్ల మీదే కూర్చుంటాను. ఆ పెద్దాయన మీ పేపరు చదివే మనిషైతే, ఆయనకు ఈ మాట చేరితే చాలు: మీరు చూడని ఆ తల్లీ బిడ్డా ఆ రోజు బాగున్నారు అన్నా.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
పెరంబూరు, చెన్నై.